మలుపు దగ్గర పిలుపు

"ఇది కొండ ఎక్కేటప్పుడు వెనక్కి దొర్లితే?" అన్నాను.

బండి ఇంకా వాకిట్లో స్టాండు మీదే ఉంది. ఇంజను కూడా వెయ్యలేదు. మా అమ్మాయి హ్యాండిలుకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఊడదీస్తోంది, అంతే.

"వెనక్కి దొర్లితే ఇంటికే కదమ్మా వచ్చేది. కొండ కింద మొదటి ఇల్లు మనదే" అంది.

"నవ్వులాట కాదు. దారినిండా రాళ్ళు. పాములు తిరుగుతాయి. పిడుగులు పడతాయి."

"పిడుగు నడిచేవాళ్ళ మీద పడదా?"

నా భయాలకి ఎప్పుడూ ఇంతే, జవాబులుండవు. ఒకటి తీరిస్తే దాని వెనకాల ఇంకోటి నిలబడి ఉంటుంది. బండి చుట్టూ తిరిగి చూశాను. కొత్తదే గాని పాతకాలం దానిలా ఉంది. గుండ్రటి లైటు, మట్టిరంగు ట్యాంకు, చక్రం మీద జానెడు ఎత్తున మడ్‌గార్డు, పళ్ళు పళ్ళుగా టైర్లు, వెనకాల సామాను కట్టుకోవడానికి ఇనప చట్రం. చేతికి క్లచ్చి లేదు, గేర్లన్నీ ఎడమకాలితోనే. తళుకులూ లేవు, అంకెలు వెలిగే తెరా లేదు. అవేవీ లేవు కాబట్టే మాలాంటి వాళ్ళ వాకిట్లోకి రాగలిగింది.

పొద్దున్నే కొండ పక్క వీధులకి రొట్టెలు వేసే ఆయన వ్యాను ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంటి వదినా, మేకపోతుని కొన్నారా?" అన్నాడు. దానికి ఆ పేరే ఉండిపోయింది.

అప్పుడే మా ఆయన గడపలోకి వచ్చారు. చేతికర్ర గోడకి ఆనించి, బండిని లైటు నుంచి వెనక చక్రం దాకా ఒకసారి చూశారు.

"ఎలా ఉంది నాన్నా?" అంది మా అమ్మాయి. చెంపకి గ్రీజు అంటుకుని ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

ఆయన కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మొదటి వాన అప్పటికింకా పడలేదు. ఆ రోజు నుంచి ఆయన కూతురితో మాట్లాడడం మానేశారు.

మా వెనక కొండ మీద మూడు చోట్ల వాన కొలిచే డబ్బాలున్నాయి. ఒక్కో డబ్బా మీద గరాటు, లోపల సీసా, చుట్టూ పశువులు ముట్టకుండా ముళ్ళకంచె. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్ళి, సీసాలో చేరిన నీటిని గీతల గాజు గొట్టంలోకి వంపి, ఎంత పడిందో చూసి డ్యాము ఆఫీసుకి చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఎవరో ఒకరు మా ఆయనే. వీధిలో ఆయన్ని వానాయన అనేవాళ్ళు. ఎండాకాలంలో కూడా జనం ఆయన్నే అడిగేవాళ్ళు, వాన ఎప్పుడండీ అని, ఈయనే గిడ్డంగిలో దాచినట్టు.

కాలినడకన వెళ్ళి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. కొండ దిగేటప్పుడు మా ఇంటికి పైన ఒక మలుపుంది. అక్కడ ఆగి "ఓయ్" అని కేకేసేవారు. నేను వంటింట్లోంచి "ఓయ్" అనేదాన్ని. దాంతో టీ పొయ్యెక్కిందని ఆయనకి తెలిసేది, మనిషి బతికే ఉన్నాడని నాకు తెలిసేది. మా ఇద్దరి మధ్యా ముద్దుమాటలంటూ ఉంటే అదొక్కటే.

పోయిన చలికాలం పాచి రాయి మీద జారి కుడి మోకాలు చితకగొట్టుకున్నారు. కొండ ఎక్కే కాలు ఇక కాదది. ఈ వానాకాలానికి తండ్రి బదులు కూతురు చూసుకోవచ్చని ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. మా అమ్మాయికి పళ్ళ పెట్టెలు కట్టే షెడ్డులో పనుంది. నడిచి వెళ్తే రోజంతా కొండకే పోతుంది, షెడ్డు పని ఊడుతుంది. అందుకని బండి. నాకు ఇందులో తప్పేం కనబడలేదు. భయం మాత్రం కనబడింది.

*

వానలు మొదలయ్యాయి. పొద్దున్నే బండి మోత కొండ మీదికి పోయేది. వంటింట్లో నేను ఆ మోతని చెవులతో పట్టుకుని కూర్చునేదాన్ని. సన్నబడిపోయి, ఆగి, మళ్ళీ వినబడి. ఆగిన ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. డబ్బా దగ్గర ఆపిందో, పడిపోయిందో ఇంత దూరానికి ఎలా తెలుస్తుంది? తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర హారన్ రెండుసార్లు కొట్టేది. నేను "ఓయ్" అనేదాన్ని. ఇటుపక్క నుంచి మారలేదు, అటుపక్క నుంచే కేక పోయి హారన్ వచ్చింది.

తినేటప్పుడు తండ్రికి ఆ రోజు లెక్క అప్పజెప్పేది.

"నాన్నా, పై డబ్బాలో బోలెడు పడింది. మధ్య డబ్బాలో అసలేం లేదు. పక్కపక్కనే ఉన్నాయి కదా, అలా ఎందుకుంటుంది?"

ఆయన నా వైపు తిరిగి "ఆ ఉప్పు ఇటు ఇమ్మను" అన్నారు.

"ఎవర్ని?"

"ఎవరి చేతికి అందితే వాళ్ళని."

మా అమ్మాయి ఉప్పు గిన్నె ఆయన ముందుకి జరిపింది. "అమ్మా, మీ ఆయనకి చెప్పు, ఉప్పు వచ్చిందని."

"వచ్చిందటండీ" అన్నాను.

"గుడ్డివాణ్ణి కాను" అన్నారు ఆయన, నాతోనే.

మొదట్లో నాకూ నవ్వొచ్చేది. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్న ఇద్దరికీ మధ్య నేను టపా బంట్రోతుని. గొడుగు ఎక్కడుందో అడగమను. వేణ్ణీళ్ళు కాగాయని చెప్పు. రానురానూ నవ్వు పోయింది. వాన ముసురుపట్టి గోడలు చెమ్మగిల్లాయి. బట్టలు ఆరేవి కావు. వానెక్కువైన రోజు షెడ్డు ఉండదు. ఇల్లంతా తడిబట్ట వాసన. ఆ వాసనలో ఇద్దరు మనుషులు ఒకరి పక్క నుంచి ఒకరు, గోడని రాసుకుంటూ, తప్పుకుంటూ తిరిగేవారు.

ఒక రోజు ఆయన కిటికీ దగ్గర కూర్చుని పిల్ల రెయిన్‌కోటు ఒళ్ళో వేసుకున్నారు. భుజం దగ్గర చినిగింది. పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అతికిస్తున్నారు. ఇదే అదను అనుకున్నాను.

"దాని కోటు బాగుచేస్తారు, దానితో మాట్లాడరు. ఏం చేసిందండీ అది? మీ పని నిలబెట్టింది."

చాలాసేపు ట్యూబు ముక్క మీద బొటనవేలు అదిమి పట్టుకున్నారు.

"నేను తెల్లారకముందే వెళ్ళి ఎండ నెత్తికెక్కాక వచ్చేవాణ్ణి" అన్నారు. "అది నువ్వు టీ కాచేలోపు వచ్చేస్తోంది."

"మంచిదే కదా?"

"మంచిదే." వేలు తీసి చూశారు. అతుకు పట్టింది. "మరి అన్నేళ్ళు నేను అక్కడ ఏం చేసినట్టు?"

కోపమైతే సర్దిచెప్పేదాన్ని. ఇంటిదాన్ని, కోపాలు ఎలా దించాలో నాకు తెలుసు. ఇది కోపం కాదు. దీనికి ఏం చెయ్యాలో తెలియక టీ పెట్టడానికి లేచాను.

పిల్ల మాత్రం అది కోపమే అనుకుంది. తండ్రి పంతానికి పోతే అది ఊరుకునే రకమా? మలుపు దగ్గర హారన్ రెండుసార్లు కాదు, నొక్కిపట్టి కొట్టడం మొదలుపెట్టింది. నేను "ఓయ్" అని అరిచినా ఆపదు. వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూసేవారు.

"ఎందుకే అంతసేపు? పలికాను కదా" అన్నాను.

"నేను కొట్టేది నీకు కాదు. ఆయన పలికేదాకా కొడతా. ఎన్నాళ్ళు పలకడో చూస్తా."

ఆయన వింటూనే ఉన్నారు. ముందు గదిలో కిటికీ పక్కనే ఆయన కుర్చీ. ఆ కిటికీలోంచి మలుపు కనిపిస్తుంది. అందుకే ఎంత వానొచ్చినా దాన్ని మూసేవాళ్ళం కాదు, చూరు పొడుగ్గా ఉండడం వల్ల జల్లు లోపలికి కొట్టేది కాదు.

*

వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం నన్ను కూడా ఎక్కించుకుపోయింది. "నువ్విలా రోజూ ఇంట్లో కూర్చుని చావడం కంటే ఒకసారి వచ్చి చూసి చావు" అంది. మా పిల్ల మాట తీరంతే.

వెనకాల ఇనప చట్రం మీద దుప్పటి మడిచి వేసింది. ఎక్కాను గాని కళ్ళు తెరవలేదు. దాని నడుం ఎంత గట్టిగా పట్టుకున్నానంటే "అమ్మా, నన్ను ఊపిరి తీసుకోనియ్యి, నేనే కదా నడుపుతున్నది" అని అరిచింది. బండి నిజంగా మేకపోతులాగే ఎక్కింది. రాయొస్తే ముక్కు పైకెత్తేది, గొయ్యొస్తే దించేది, ఎక్కడా తడబడలేదు. అది చూస్తే నా భయం తగ్గాలి. తగ్గలేదు. ఇంత బాగా ఎక్కేది ఇంకా ఇంకా పైకి పోదా అనిపించింది.

పై డబ్బా దగ్గర గాజు గొట్టాన్ని కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని చూసింది. ఒక కన్ను మూసి, పెదవులు బిగించి. అచ్చం తండ్రి. తర్వాత కంచె పక్కనున్న బండరాయి మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. రాయి మధ్యలో మనిషి కూర్చునేంత నున్నగా అరిగి ఉంది. పగుల్లో ఒక రేకు గ్లాసు బోర్లించి ఉంది. ఆ గ్లాసు ఎప్పుడో మా వంటింట్లోంచి మాయమైనదే.

"నాన్న రాయి ఇది" అంది. "రోజూ ఇక్కడ ఇంజను ఆపి కాసేపు కూర్చుంటాను. అవసరం లేదనుకో. గొట్టం చూసి దిగిపోవచ్చు. కానీ ఏదో దొంగతనానికి వచ్చినట్టు వచ్చి పోవడం బాగోదనిపించింది. ఇక్కడ కూర్చుంటే మబ్బు ఏ పక్క నుంచి ఎక్కుతుందో తెలుస్తుందమ్మా. మధ్య డబ్బాలో ఎందుకు పడదో కూడా తెలిసింది. ఆ గుట్ట అడ్డం. ఆయనకి ఇదంతా ఎప్పుడో తెలుసు."

"ఈ మాట ఆయనతో చెప్తానే. సంతోషిస్తారు."

"నువ్వు చెప్పకు. నేనే చెప్తాను, ఆయన పలికిన రోజు. అప్పటిదాకా నోరు కట్టుకుని ఉండు. ఒట్టు."

ఒట్టు వేశాను. ఇద్దరూ ఇద్దరే.

*

వానాకాలం సగం దాటాక ఒక పొద్దున తెల్లారినా వెలుగు రాలేదు. వాన ధారలు కట్టి పడుతోంది. వెళ్ళొద్దన్నాను. "ఇలాంటి రోజు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తారమ్మా, ఎండ కొలవడానికా?" అని కోటు తొడుక్కుని పోయింది.

బండి మోత వాన చప్పుడులో కలిసిపోయి నాకు ఏమీ వినబడలేదు. స్టవ్ ముందు నిలబడి, ఉన్న భయాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పడ్డాను. చివరికి మలుపు దగ్గర హారన్ మోగింది. ప్రాణం లేచొచ్చింది.

"ఓయ్" అని అరిచి టీ నీళ్ళు పడేశాను.

హారన్ ఆగలేదు. నొక్కిపట్టి అలా మోగుతూనే ఉంది.

"మొదలుపెట్టింది మీ కూతురు" అన్నాను ముందు గదిలోకి వచ్చి. నవ్వుతూనే అన్నాను. "ఇంత వానలో కూడా పంతమే. ఒక్కసారి పలకండి, మీ నోటి ముత్యాలేం రాలిపోవు."

ఆయన కుర్చీలో కదిలారు. పలుకుతారనే అనుకున్నాను. కర్ర పట్టుకుని లేచారు. బయట వాన తెరలో మలుపు కనబడడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కలు దగ్గరికి లాగారు. ఎన్నడూ మూయని కిటికీ కదా, గడియ తుప్పుపట్టి పడలేదు. అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే పడింది. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

హారన్ నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు మోగింది. నేను పిల్ల పళ్ళెం తీసి పెట్టాను. తువ్వాలు కుర్చీ మీద వేశాను. టీలో పాలు పోశాను. కాసేపటికి హారన్ ఆగింది. అమ్మయ్య, పంతం దిగింది అనుకున్నాను. ఆ వానాకాలం మొత్తం మీద నాకు భయం వెయ్యని ఘడియ ఏదైనా ఉంటే అదే.

టీ మీద మీగడ కట్టింది. బండి రాలేదు.

వచ్చింది రొట్టెల వ్యాను. వెనక్కి వెనక్కి వచ్చి మా గుమ్మానికి ఆనుకుని ఆగింది. రొట్టెలాయన దిగి వెనక తలుపులు తెరిచాడు. రొట్టెల ట్రేలన్నీ ఒక పక్కకి తోసేసి ఉన్నాయి. మధ్యలో, గోనెపట్టా మీద, మా అమ్మాయి. ఎడమకాలు చూడకూడని తీరులో ఉంది. వ్యానంతా రొట్టెల వాసన, బురద వాసన.

"ఆస్పత్రికే తీసుకుపోతున్నా, మీరెక్కండి వదినా" అన్నాడు. "మలుపు దగ్గర మట్టి జారి దారి మీదికొచ్చింది. బండి కాలి మీద పడింది. చేతికి హారన్ ఒక్కటే అందినట్టుంది, నేను కిందున్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా. బ్యాటరీ అయిపోయేదాకా మోగింది. మీ ఇంటికేగా దగ్గర. మీకెవరికీ వినపడలేదా?"

"వాన చప్పుడు" అన్నాను.

పిల్ల కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూడలేదు. గుమ్మంలో నిలబడిన తండ్రిని చూడలేదు. దాని చూపు మూసి ఉన్న కిటికీ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

*

కాలు నిలిచింది గాని మోకాలు ఇక వంగదన్నారు. కర్రలాగా తిన్నగా ఉంటుంది, అలాగే నడవడం నేర్చుకోవాలి అన్నారు. అదృష్టం అన్నారు కూడా. డాక్టర్లకి ఆ మాట తొందరగా వస్తుంది.

ముందు గదిలో, కిటికీ కిందే దానికి మంచం వేశాం. ఇంట్లో మంచం పట్టే చోటు అదొక్కటే. నాతో అవసరానికి మాట్లాడేది. నీళ్ళు. వద్దు. దుప్పటి తియ్యి. తండ్రితో ఆ మాత్రం కూడా లేదు.

ఇప్పుడు మాట్లాడేది ఆయన.

"అమ్మలూ, కాలు సలుపుతోందా?"

గోడవైపు చూసేది.

"అమ్మలూ, నారింజ పండు ఒలిచిపెట్టనా?"

దుప్పటి మొహం మీదికి లాక్కునేది. ఆయన ఒలిచిన పండు పళ్ళెంలో పెట్టి పక్కన ఉంచేవారు. తొనలు ఎండిపోయాక నేను తీసి పారేసేదాన్ని. కుర్చీ కిటికీ దగ్గర నుంచి తీసి వంటింటి గుమ్మం దగ్గర వేసుకున్నారు. కిటికీ మాత్రం మూసే ఉంది. ఆయనా తీయలేదు, నేనూ తీయలేదు. దాని మీద చెయ్యివేస్తే ఆ పొద్దు సంగతి పైకి అన్నట్టవుతుంది. పగలే లైటు వేసుకుని తిరిగేవాళ్ళం.

తండ్రి దించుకున్న మౌనాన్ని కూతురు ఎత్తుకుంది.

డ్యాము ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వానలు పోయాక డబ్బాల చోట యంత్రాలు పెడతారట, వాటంతటవే కొలిచి పంపుతాయట. అప్పటిదాకా ఎవరైనా వెళ్తారా, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోమంటారా అని అడిగారు.

"వేరేవాళ్ళు వద్దు" అన్నారు మా ఆయన. ఫోను పెట్టేసి మోకాలు నిమురుకుంటూ కూర్చున్నారు.

ఆయన్ని అలా చూడలేక ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ ఒట్టు తప్పేశాను. "మీరు ఏం చేసినట్టు అన్నారు చూశారా, అన్నేళ్ళు. అది రోజూ మీ రాయి దగ్గర ఆగి కూర్చునేదట. మధ్య డబ్బాకి గుట్ట అడ్డమని కనిపెట్టింది. మీ గ్లాసు అక్కడే ఉంది. మీరు పలికిన రోజు చెప్పాలని దాచుకుంది."

చేతిలో ఉన్న తడి చొక్కాని ఆయన మడతపెట్టారు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు.

మర్నాడు మెకానిక్కు దగ్గర పడున్న బండిని తెప్పించారు. హ్యాండిలు సరిచేయించారు. లైటు సొట్ట అలాగే ఉంది. వాకిట్లో నిలబెట్టి, దాని చుట్టూ తిరిగి, కర్ర గోడకి ఆనించి ఎక్కి కూర్చున్నారు.

"ఏమండీ, ఏంటిది?"

"నడవలేను గాని కూర్చోగలను కదా."

"బ్రేకు తొక్కేది కుడికాలే! మీకు పాడైంది కుడికాలే!"

"చేతి బ్రేకుంది."

"అది చాలకపోతే?"

"చాలకపోతే ఇంటికే దొర్లుతాను. కొండ కింద మొదటి ఇల్లు మనదే." కూతురి మాటే. ఆ రోజు గడప లోపలి నుంచి విన్నారన్నమాట.

ఒకరికి ఎడమకాలు లేదు, ఒకరికి కుడికాలు లేదు, ఇద్దర్నీ కలిపితే గాని ఒక మనిషి కాదు అనుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

జన్మలో మోటారు బండి ఎక్కని మనిషి వీధిలో నేర్చుకున్నారు. రొట్టెలాయన వెనకాల పరిగెత్తేవాడు. "అన్నా, దారి చూడు, చక్రాన్ని కాదు!" రెండుసార్లు ఆయన, బండి కలిసి నెమ్మదిగా, గోడ కూలినట్టు పక్కకి ఒరిగారు. ఎప్పుడు నడిపినా మొదటి గేరే. ఇంజను గొంతు చించుకునేది. రెండో గేరు వేయబోతే ఏది నొక్కుతారో ఏమో, బండి ఎగిరిపడి ఆగిపోయేది. అప్పుడు కర్ర ఊతంగా లోపలికొచ్చి మంచం పక్కన నిలబడేవారు.

"అమ్మలూ, రెండో గేరు ముందుకి తొక్కాలా, మడమతో వెనక్కా?"

అమ్మలు గోడవైపు చూసేది.

రోజూ అడిగేవారు. అదే మాట, అంతే మెత్తగా. రోజూ గోడే. నాకు ప్రాణం విసిగిపోయింది. "ఆ మెకానిక్కుని అడిగితే ఒక్క ముక్కలో చెప్తాడు కదండీ. రొట్టెలాయన్ని అడిగినా చెప్తాడు."

"తెలుసు" అన్నారు. "వాళ్ళని అడగను."

*

వానాకాలం చివరికొచ్చింది. యంత్రాలు లారీలో వచ్చి ఆఫీసు గోదాములో ఉన్నాయని చెప్పుకున్నారు. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన రెయిన్‌కోటు తొడుక్కున్నారు. సైకిలు ట్యూబు అతుకేసిన కోటు. గాజు గొట్టాన్ని గుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నారు.

"మలుపు దగ్గర జాగ్రత్త" అన్నాను. ఆ ఒక్కటే అనగలిగాను.

మొదటి గేరులో వెళ్ళారు. కొండ మీదికి ఆ మోత పోతూనే ఉంది, పోతూనే ఉంది. మంచం మీద పిల్ల కళ్ళు మూసుకుంది. నిద్రపోవడం లేదు. మోత ఆగినప్పుడు దాని వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి, మళ్ళీ వినబడితే వదిలాయి. కింది డబ్బా. మధ్య డబ్బా. ఇక పై డబ్బా దగ్గర ఆగింది చూడండి, ఎంతకీ కదల్లేదు. నేను పొయ్యి ఆర్పాను. వెలిగించాను. ఆ రాయి గుర్తొచ్చింది. కూర్చున్నారేమో అనుకున్నాను. పడిపోయారేమో అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి అనుకోవడం నాకు అలవాటే.

చాలాసేపటికి మోత మళ్ళీ మొదలైంది. దిగడం కూడా మొదటి గేరులోనే. ఇంజను ఏడుస్తూ, రాళ్ళ మీద ఎగిరిపడుతూ, దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, మలుపు దగ్గర ఠక్కున ఆగిపోయింది.

హారన్ మోగలేదు.

"ఓయ్" అని వినబడింది.

ఎన్నాళ్ళకో విన్న కేక. నా నోరు దానంతటదే తెరుచుకుంది. చెంగు నోట్లో కుక్కుకుని ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాను.

"ఓయ్" అని రెండోసారి.

పిల్ల కళ్ళు తెరిచి నావైపు చూసింది. "పలకవేం?" అంది.

"పిలిచేది నన్ను కాదు" అన్నాను.

మళ్ళీ కళ్ళు మూసుకుంది. చూరు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి. మూడోసారి కేక రాలేదు. ఇంజనూ వెయ్యలేదు. అక్కడే ఉన్నారు, తుంపరలో, కిందికి రాకుండా. ఇంకాసేపు ఆగితే నేను పరిగెత్తుకుని వెళ్ళిపోయేదాన్నే. మంచానికి అవతల ఆ మూసిన రెక్కలు, ఆ గడియ.

ఎంతసేపో తెలియదు. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి గిన్నె వాసన వస్తోంది.

"ఆ కిటికీ తియ్యమ్మా" అంది పిల్ల.

గడియ రాలేదు. అరచేత్తో కొట్టాను, రాలేదు. రోకలి తెచ్చి కొడితే ఊడింది. రెక్కలు తెరుచుకున్నాయి. చలిగాలి, వెలుతురు ఒక్కసారిగా మంచం మీద పడ్డాయి. మలుపు దగ్గర, బండి మీదే కూర్చుని, నేల మీద ఒక కాలు ఆనించి ఆయన ఇటే చూస్తున్నారు.

పిల్ల మోచేతుల మీద లేచింది. వంగని కాలు పక్కకి లాక్కుని, కిటికీ చువ్వలు పట్టుకుని, మొహం వాటికి ఆనించింది. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, మొదట బొంగురుపోయి చప్పుడే రాలేదు. దగ్గింది. ఊపిరి తీసుకుంది.

"ముందుకి!" అని అరిచింది. "రెండో గేరు ముందుకి తొక్కు నాన్నా!"